ఏడు మీద అడ్డగీత

మా తెనాలిలో లెక్కల మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్ళని ఎక్కడున్నా ఇట్టే గుర్తుపట్టొచ్చు. ఏడు అంకె వేసి, దాని నడుముకి అడ్డంగా చిన్న గీత గీస్తారు. తొందరలో రాసిన ఒకటి ఏడులా కనిపిస్తే ఎవరి సొమ్మో ఎవరికో పోతుందని ఆరో తరగతిలోనే చెప్పేవారాయన. గీత లేని ఏడుకి అర మార్కు కోసేవారు. ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేసే పనిలో పడి ఇన్నేళ్ళయినా నా చెయ్యి ఆ గీత మానలేదు.

2024 జూన్‌లో మాస్టారు నా ఆఫీసుకి వచ్చారు. చిన్నమ్మాయికి విశాఖలో ఎంబీఏ సీటొచ్చింది. ఏడున్నర లక్షల విద్యారుణానికి ఊళ్ళో ఒక ప్రభుత్వ బ్యాంకులో దరఖాస్తు పెట్టుకున్నారు. మేనేజరు మర్యాదగానే మాట్లాడాడట. "మీ వయసూ మీ పెన్షనూ చూస్తే, జీతం వచ్చే మనిషి ఇంకొకరు సంతకం పెట్టాలి మాస్టారూ. మీ అబ్బాయి ఉన్నాడుగా, అతని జీతం సరిపోతుంది. అడ్డమల్లా మీ సిబిలే" అన్నాడట.

సిబిల్ రిపోర్టు నా ముందు పెట్టారు. కిరాణా కొట్లో ఖాతా కూడా పెట్టని మనిషి పేరు మీద, ఒక ప్రైవేటు బ్యాంకు క్రెడిట్ కార్డు ఉంది. 2018 మార్చిలో ఇచ్చారు. బాకీ 23,417 రూపాయలు. స్టేటస్ దగ్గర 'రిటన్ ఆఫ్' అని ఉంది. బ్యాంకు రద్దు రాసుకుందంటే మాఫీ చేసిందని చాలామంది అనుకుంటారు. కాదు. బ్యాంకు తన పుస్తకంలో ఇక రాదని రాసుకుంటుంది, మన పుస్తకంలో మాత్రం ఎగవేత అలాగే ఉండిపోతుంది. కిందనే చిన్న చిన్న గళ్ళు, నెలకొకటి. గడువు దాటి ఎన్ని రోజులైందో మూడంకెల్లో రాస్తారు వాటిలో. 030, 060, 090... మాస్టారు చూపుడువేలు ఆ గళ్ళ మీదుగా నడిచి చివరి గడి దగ్గర ఆగింది.

"వీళ్ళు రాసిన ఈ లెక్కలో నేను కొన్న వస్తువేదిరా?" అన్నారు.

ఏదీ లేదు. తర్వాత స్టేట్‌మెంట్లు తెప్పిస్తే తెలిసింది. ఆ కార్డు మీద ఎవరూ ఒక్క రూపాయి గీకలేదు. కనీసం యాక్టివేట్ కూడా చెయ్యలేదు. వార్షిక రుసుము 499, దాని మీద 18 శాతం జీఎస్టీ, కట్టనందుకు ఆలస్య రుసుము, ఆ రుసుము మీద మళ్ళీ జీఎస్టీ, మొత్తం మీద నెలనెలా వడ్డీ. ఆరొందల లోపు మొదలైన లెక్క మూడేళ్ళలో 23 వేలు దాటింది. అడగని కార్డు అంటగట్టకూడదని రిజర్వు బ్యాంకు ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. 2022లో ఇంకా గట్టిగా చెప్పింది. ఇచ్చిన 30 రోజుల్లో కార్డు యాక్టివేట్ కాకపోతే ఓటీపీతో మన సమ్మతి అడగాలి. మనం ఒప్పుకోకపోతే ఏడు పని దినాల్లో ఖాతా మూసెయ్యాలి. యాక్టివేట్ కాని కార్డు వివరాలు సిబిల్ లాంటి సంస్థలకి పంపనే కూడదు. మాస్టారి కార్డు ఆ రూలుకి నాలుగేళ్ళు ముందు పుట్టింది.

రిపోర్టులో చిరునామాల దగ్గర తెనాలి ఇంటితోపాటు హైదరాబాద్ ఎస్సార్ నగర్‌ది ఒకటుంది. "నేను ఆ పేట మొహం కూడా చూడలేదు" అన్నారు మాస్టారు. అక్కడున్న ఫోన్ నంబరుకి చేస్తే ఆ నంబరు వాడుకలో లేదంది.

నా ఎదుటే కొడుక్కి ఫోన్ చేశారు. ఆ అబ్బాయిది అదే బ్యాంకు. మొదట ఏజెన్సీ తరఫున కార్డులమ్మి, తర్వాత బ్యాంకు ఉద్యోగిగా మారాడు. స్పీకర్లో అతని మాట నాకూ వినబడింది.

"ఈ డబ్బుకి ఇంత రభస ఎందుకు నాన్నా? సెటిల్‌మెంట్ అడిగితే సగానికి ఒప్పుకుంటారు. నేను కట్టేస్తాను, చెల్లి ఫీజు టైమ్ దాటకముందే అయిపోతుంది."

తండ్రి కష్టం తన నెత్తిన వేసుకునే కొడుకు. విని సంతోషమేసింది. కానీ సెటిల్‌మెంట్ సంగతి నాకు తెలుసు. సగం కట్టి బయటపడితే రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది. అంటే పూర్తిగా తీర్చలేక బేరమాడుకున్న అప్పు అని అర్థం. తర్వాత అప్పిచ్చేవాళ్ళు దాన్ని మంచి గుర్తుగా చూడరు. అంతకంటే పెద్ద చిక్కు, కడితే ఆ బాకీ మాదేనని మనమే ఒప్పుకున్నట్టు. ఇలాంటి కేసుల్లో భయపడి కట్టేసినవాళ్ళని ఎంతమందినో చూశాను. కట్టకండి. ముందు కాగితం అడగండి. అప్పు నీదే అన్నవాడు నీ సంతకం చూపించాలి.

మాస్టారికి ఇంత చెప్పాల్సిన పని లేకపోయింది. "నేను తీసుకోని బాకీ అర్ధ రూపాయి కూడా కట్టను. నువ్వు ఇందులో కల్పించుకోకు. కొడుకు లోపలుండి చక్కబెట్టాడన్న మాట వస్తే నీ ఉద్యోగానికే చేటు" అని ఫోన్ పెట్టేశారు.

ముందు నాలుగు సంస్థల రిపోర్టులూ తీశాం. సిబిల్ ఒక్కటే అనుకుంటారు గానీ ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి. ఒక్కోటీ ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచి ఆ రూలుంది. నాలుగింటిలోనూ అదే ఎగవేత. నాలుగు చోట్లా డిస్ప్యూట్ పెట్టాం. కొన్ని వారాలకి జవాబు వచ్చింది: బ్యాంకుని అడిగాం, వివరాలు సరైనవేనని బ్యాంకు చెప్పింది, మార్పు లేదు.

జనం కుంగిపోయేది ఇక్కడే. సిబిల్ వాళ్ళు విచారించి తీర్పు చెప్పారనుకుంటారు. వాళ్ళు విచారించరు. బ్యాంకు రాసింది వాళ్ళంతట వాళ్ళు కొట్టెయ్యలేరు కూడా. మన ఫిర్యాదుని అదే బ్యాంకుకి పంపి, అది చెప్పింది మనకి తిప్పి పంపుతారు. తప్పు రాసినవాణ్ణే సాక్షిగా పిలిస్తే ఏం చెబుతాడు?

అందుకని బ్యాంకు నోడల్ ఆఫీసరుకి రిజిస్టర్డ్ పోస్టులో రాశాం. దరఖాస్తు ఫారం, దానితో ఇచ్చిన కేవైసీ కాగితాలు, కార్డు ఏ చిరునామాకి చేరిందో ఆ రుజువు, స్టేట్‌మెంట్లు అడిగాం. స్టేట్‌మెంట్లు మాత్రం పంపి మిగతావాటికి మౌనం వహించారు. ఫీజు గడువు ఆగదు కదా. మాస్టారి భార్య గాజులు తాకట్టు పెట్టి మొదటి విడత కట్టారు.

నెల దాటాక రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు తయారుచేశాం. దీనికి పైసా ఖర్చు లేదు. ఆన్‌లైన్లో పెట్టొచ్చు, చండీగఢ్‌లోని కేంద్రానికి కాగితం మీద రాసీ పంపొచ్చు, సందేహముంటే 14448కి ఫోన్ చెయ్యొచ్చు. వకీలు అక్కర్లేదు. 2022 నుంచి సిబిల్ లాంటి సంస్థలు కూడా ఈ అంబుడ్స్‌మన్ కిందికే వచ్చాయి.

నేను టైపు చేసినదంతా చదివి, మాస్టారు పెన్ను తీశారు. అడుగున తన చేత్తో రాశారు: "నా మొహం చూడకుండా, నా అసలు కాగితాలు చూడకుండా, చూశానని సంతకం పెట్టిన ఉద్యోగి ఒకడు ఉండి తీరాలి. వాడెవడో తేల్చండి. వాణ్ణి ఉద్యోగంలో ఉంచకండి."

"ఉద్యోగి సంగతి అంబుడ్స్‌మన్ చేతిలో ఉండదు మాస్టారూ, సేవాలోపం వరకే ఆయన చూస్తారు" అన్నాను.

"అయితే ఎవరి చేతిలో ఉంటుంది?"

"బ్యాంకు విజిలెన్స్ వాళ్ళ చేతిలో."

"వాళ్ళకీ ఒక కాపీ పంపు. నాకంటే చదువు రాని ముసలివాళ్ళ పేర్లు వాడు ఇంకెన్ని రాశాడో! వాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్తారు?"

పంపాం.

అక్టోబరు ఆఖరులో బ్యాంకు కవరు వచ్చింది. మాస్టారు కబురు చేస్తే వెళ్ళాను. వరండాలో ఆయన, అమ్మగారు, కొడుకు ఉన్నారు. అబ్బాయి దసరాకి వచ్చి, సెలవుందని ఉండిపోయాడు. మాస్టారు నిలబడి, క్లాసులో చదివినట్టు పైకి చదివారు. పొరపాటుకి బ్యాంకు చింతిస్తోంది. కార్డు ఖాతా రద్దయింది. నాలుగు సంస్థల రికార్డుల నుంచీ ఎగవేతను తొలగించమని రాశారు. ఫిర్యాదు 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై ప్రతి రోజుకీ 100 రూపాయలివ్వాలని 2024 ఏప్రిల్ నుంచి రూలుంది కనుక, ఆ లెక్కన 5,700 ఆయన ఖాతాలో వేశారు. ఆఖరి పేరా దగ్గర గొంతు ఇంకాస్త పెంచారు.

"మీరు విజిలెన్స్ విభాగాన్ని కోరిన మేరకు విచారణ జరిపి, సదరు ఉద్యోగిని విధుల నుంచి తొలగించడమైనది."

"చూశావా! పట్టు వదలకపోతే పని జరుగుతుంది" అన్నారు నాతో. అమ్మగారు గాజులు విడిపించుకోవచ్చన్నట్టు నా వైపు చూసి నవ్వారు. అబ్బాయి తల వంచుకుని కూర్చున్నాడు.

కవరులో ఇంకో కాగితముంది. మేం మొదటినుంచీ అడుగుతున్న దరఖాస్తు ఫారం జిరాక్సు, వెనకాల మాస్టారి పాన్ కార్డు కాపీ. ఆ కాపీ మీద గుండ్రటి ముద్ర: 'ఒరిజినల్ సీన్ అండ్ వెరిఫైడ్'. ముద్ర కింద పొట్టి సంతకం, ఉద్యోగి కోడు, తేదీ. కోడులో రెండు ఏడులున్నాయి. తేదీ 27-3-2018. మూడు ఏడులకీ నడుము మీద అడ్డగీత ఉంది.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని కాగితం దగ్గరగా పట్టుకున్నారు.

"ఇది మన బడి ఏడురా" అన్నారు మెల్లగా. "నా దగ్గర చదివినవాడే ఎవడో..."

సంతకం నేను ముందు చదివాను. ఏటా ఆ అబ్బాయి రిటర్ను వేసేది నేనే.

"నేనే నాన్నా" అన్నాడు కొడుకు.

ఇన్సూరెన్సుకని అడిగి తీసుకున్న జిరాక్సులవి. ఇంట్లో అమీర్‌పేట అని చెప్పిన హాస్టలు ఎస్సార్ నగర్‌లో ఉంది. చేరిన కొత్త, మార్చి నెలాఖరు, ఆ నెలకి 25 కార్డులు టార్గెట్. 24 అయ్యాయి. ఒక్కటి తగ్గినా ఏప్రిల్ నుంచి రావద్దన్నారట. యాక్టివేట్ చెయ్యకపోతే దానంతటదే పోతుందనుకున్నాడు. తర్వాత హాస్టలు మారాడు, సిమ్ మార్చాడు, బిల్లులు పాత చిరునామాకే పోయాయి. విచారణ దసరాకి ముందే ముగిసింది.

అతను చేసింది తప్పే. తండ్రి పేరైనా సరే, ఒకరి పేరు మీద అప్పు పుట్టించే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ ఉత్తరంలో 25 అనే అంకె నిర్ణయించినవాడి ప్రస్తావన ఒక్క ముక్క లేదు. వాడి మీదా విచారణ జరగాలి.

నవంబరులో కొత్త రిపోర్టు తీసుకుని మాస్టారితో ఆ ప్రభుత్వ బ్యాంకుకి వెళ్ళాను. ఎగవేత లేదు. స్కోరు దగ్గర -1 అని ఉంది. జీవితంలో ఏ అప్పూ చెయ్యనివాళ్ళకి అలాగే వస్తుంది. మేనేజరు చూసి సంతోషించాడు.

"మీ వైపునుంచి అంతా క్లియర్ మాస్టారూ. అబ్బాయి కొత్త పే స్లిప్పు ఒక్కటి ఇప్పించండి, ఈ వారంలో శాంక్షన్ చేసేస్తాను."

అమ్మాయి విద్యారుణం ఫైల్లో ఇప్పుడు తక్కువైన కాగితం అదొక్కటే.