రంగెందుకురా, బ్లాకు చాల్దా?

జంషెడ్‌పూర్‌లో, కద్మాలో ఉంటున్న మా బాబాయి ఇంట్లో ఒక ప్రింటరు ఉంది. ఉంది అంటే ఉంది, అంతే. పైన రెగ్జిన్ తొడుగు, తొడుగు మీద పిన్ని అల్లిన గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పువ్వుల కూజా. కొత్తగా ఇంటికొచ్చినవాళ్లు కుట్టుమిషను కాబోలు అనుకుంటారు. ఏటా సెప్టెంబరు 17న, విశ్వకర్మ పూజ నాడు మాత్రం ఆ తొడుగు తీసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ చూపించి మళ్లీ తొడుగు వేస్తాడు. ఆ ఊళ్లో ఆ రోజు బట్టీలకీ క్రేన్లకీ స్కూటర్లకీ అన్నిటికీ పూజ జరుగుతుంది. తేడా ఏమిటంటే మిగతావన్నీ మర్నాడు పనిలోకి వెళ్తాయి.

ఇలాంటి మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. టీవీ రిమోటుకి ప్లాస్టిక్ సంచి తొడిగేవాడు, సోఫా కొన్నాక అయిదేళ్లు దాని అసలు రంగేమిటో ఇంట్లోవాళ్లకి తెలియనివ్వనివాడు. మా బాబాయి ఆ వంశంలో పెద్దకొడుకు. వస్తువు కొనడం ఒక ఎత్తు, దాన్ని మనుషుల బారిన పడకుండా కాపాడుకోవడం ఒక ఎత్తు అన్నది ఆయన సిద్ధాంతం.

చుట్టుపక్కల వాళ్లకి ఆయన రావ్‌జీ. అసలు పేరులో రావు లేదు. జంషెడ్‌పూర్‌లో తెలుగువాడై పుట్టాక ఇంటిపేరు ఏదైనా రావ్‌జీయే అవుతాడు. ప్రింటరు ఉన్న ఇల్లు కాబట్టి పిల్లలు పరీక్షల అడ్మిట్ కార్డులకీ, నవంబరులో పెద్దవాళ్లు పెన్షను కాగితాలకీ ఆ గుమ్మం తొక్కుతారు. ఎవర్నీ కాదనడు. ఆ మాట ఒప్పుకోవాలి. టీ ఇప్పిస్తాడు, కుర్చీ వేస్తాడు, క్షేమసమాచారాలు అడుగుతాడు. ఆ తరవాత విచారణ మొదలవుతుంది. "ఇది ప్రింటే కావాలా? ఫోనులో చూపిస్తే ఒప్పుకోరా? రెండో పేజీలో ఏటుంది? సంతకమేనా? సంతకం చేత్తో రాసుకోవచ్చు కదా!"

అప్పటికీ మనిషి కదలకపోతే పాత కాగితం వెనకవైపు, డ్రాఫ్టు మోడులో, నిన్నటి పొగలాంటి అక్షరాలతో ఒక పేజీ బయటికి వస్తుంది.

రంగు మాత్రం నిషిద్ధం. మా అన్నయ్య కూతురు సైన్సు ప్రాజెక్టుకి ఆకు బొమ్మ అడిగింది. "రంగెందుకే, బ్లాకు చాల్దా? ఆకు పచ్చగా ఉంటాదని మీ టీచరుకి తెలీదేటి?" అన్నాడు. బూడిదరంగు ఆకు పట్టుకుని ఆ పిల్ల బడికి వెళ్లింది. ఎండుటాకు వేశావా అని టీచరు అడిగిందట.

ఇంత కాపాడిన రంగు కార్ట్రిడ్జి ప్రతి వేసవికీ ఎండిపోతుంది. ఎండక చస్తుందా? అందులో ఉన్నది చాలామటుకు నీళ్లే. కాస్త రంగు, తడి పట్టి ఉంచడానికి కాస్త గ్లైకాల్. అది బయటికి వచ్చే రంధ్రాలు వెంట్రుకలో సగం మందం కూడా ఉండవు. వాడుతున్నంత కాలం కొత్త సిరా వచ్చి ఆ నోళ్లని తడుపుతూ ఉంటుంది. మానేస్తే నీళ్లు గాలిలో కలిసిపోయి, రంగు పుండు మీద పక్కులా గడ్డకడుతుంది. పైగా మే నెలలో అక్కడ వీచే గాలికి ఆరేసిన పంచె పిండకుండానే ఆరుతుంది. ఆ నోళ్లలో నాలుగు చుక్కల సిరా ఎంతసేపు?

దీనికి బాబాయి తనవంతు సాయం కూడా చేస్తాడు. పేజీ బయటికి వచ్చిందో లేదో గోడ దగ్గరికి పరుగెత్తి స్విచ్చి కట్టేస్తాడు. కరెంటు పొదుపు. ప్రింటరుకి దాని ఒంటిమీదే ఒక బొత్తాం ఉంది. అది నొక్కితే లోపలి తల తన మూలకి వెళ్లి, రబ్బరు పరుపు మీద నోరు మూసుకుని పడుకుంటుంది. ఆ తరవాత గోడ స్విచ్చి తీసినా పరవాలేదు. ఈయన మధ్యలోనే గొంతు నొక్కడంతో పాపం అది ఎక్కడికక్కడ నోరు తెరుచుకుని ఉండిపోతుంది. ఎన్నోసార్లు చెప్పాను. "మీ కాలం వస్తువులు పడుకోడానికి కూడా కరెంటు కావాలేట్రా?" అంటాడు.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, ఈ సంగతి ఆయనకి తెలియనిది కాదు. ముప్ఫై నాలుగేళ్లు స్టీలు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ మెయింటెనెన్స్‌లో చేసిన మనిషి. 1911లో మొదటి ఇనుము కరిగిన ఊరది. ఫర్నేస్ ఒకసారి వెలిగించాక పగలూ రాత్రీ, పండగా పబ్బం లేకుండా ఏళ్ల తరబడి నడవాల్సిందే. అడపాదడపా మరమ్మతుకి కాసేపు గాలి ఆపడం వేరు, చల్లారనివ్వడం వేరు. చల్లారిందా, కరిగిన ఇనుము లోపలే గడ్డకట్టి కూర్చుంటుంది. దాన్ని బద్దలుకొట్టి తియ్యడం మగాళ్ల చేత కన్నీళ్లు పెట్టించే పని అని మా చిన్నప్పుడు ఆయనే చెప్పేవాడు. ట్యాప్ హోల్ తెరవడం, ఇనుము వదలడం, మడ్ గన్‌తో మట్టి కొట్టి మూయడం, మళ్లీ తెరవడం. పారేది పారుతూ ఉండాలిరా బాబూ అని భోజనాల దగ్గర ఎన్ని పాఠాలు! ఆ మనిషే ఇంటికొచ్చి గుప్పెడంత ప్రింటరుని చల్లార్చి కూర్చుంటాడు.

ఎండిపోయాక మొదటి వైద్యమూ ఫర్నేస్ వైద్యమే. పిన్ని పిన్నీసు తెచ్చి ట్యాప్ హోల్ పొడిచినట్టు పొడిచాడు. ఒక కార్ట్రిడ్జి అలా వీరమరణం పొందింది. ఆ నాజిల్ పలక మీద గుండుసూది కాదు, గోరు తగిలినా ప్రమాదమే. ఇలాంటి ప్రింటర్లలో ప్రతి రంధ్రం వెనకా కంటికి కనబడని హీటరు ఒకటి ఉంటుంది. అది సెకనులో లక్షల వంతు కాలంలో వేడెక్కితే సిరాలో బుడగ పుట్టి చుక్కని బయటికి తోస్తుంది. 1977లో జపాన్‌లో కానన్ కంపెనీ ప్రయోగశాలలో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున సిరంజి సూదికి తగిలితే సిరా చిమ్మిందట, అక్కణ్ణించి పుట్టిందీ పద్ధతి. ఈ కథ చెప్పిన రోజు బాబాయి మొహం చూడాలి. "అంటే మనదీ వేడి డిపార్ట్‌మెంటేనన్నమాట!" అన్నాడు. ఆనాటినుంచీ పిన్నీసు ముట్టలేదు.

ఎప్సన్‌వాళ్ల పద్ధతి వేరు. వేడి ఉండదు, కరెంటు తగిలితే వంగే చిన్న పలక సిరాని తోస్తుంది, తల ప్రింటరులోనే బిగించి ఉంటుంది. అక్కడ ఎండితే తలనొప్పి పెద్దది. మా బాబాయి అదృష్టం, తల కార్ట్రిడ్జికే ఉన్న రకం ఆయనకి దొరికింది. పోతే కార్ట్రిడ్జితోనే పోతుంది.

బాగుచెయ్యడంలో మాత్రం ఆయన్ని చూసి తీరాలి. ఆదివారం మధ్యాహ్నం, లుంగీ ఎగ్గట్టి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, వంటింట్లోంచి ఒక స్టీలు గిన్నె పట్టుకొస్తాడు. "ఆ గిన్నెలో నేను మళ్లీ పెరుగు తోడుపెట్టను" అని పిన్ని లోపలినుంచి చెబుతుంది. ఆ ప్రకటన ఇప్పటికి నాలుగు గిన్నెల విషయంలో జరిగింది. కుళాయి నీళ్లలో లవణాలుంటాయి, అవి ఆరితే మళ్లీ అవే అడ్డుపడతాయి కాబట్టి ఇన్వర్టరు బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ గోరువెచ్చగా కాస్తాడు. మెత్తగా నలిగిన పాత పంచె ముక్కని నాలుగు మడతలు పెట్టి, తడిపి, దాని మీద కార్ట్రిడ్జి నోరు ఆనించి రెండు మూడు నిమిషాలు అదిమి పడతాడు. జ్వరం పిల్లకి తడిగుడ్డ వేసినంత లాలనగా. కరెంటు అందుకునే రాగి చుక్కలున్న వైపు నీళ్లు తగలనివ్వడు, తగిలితే ఆరేదాకా ప్రింటరులో పెట్టడు. గుడ్డ ఎత్తి చూస్తాడు. మొదటిసారి ఏమీ ఉండదు. రెండోసారి నీలం గీత. మూడోసారి దాని పక్కన పసుపు. చాలాసేపటికి గులాబీ. మూడు గీతలూ పక్కపక్కన పడ్డాయా, గుడ్డ గాల్లో ఊపుతూ వీధిగుమ్మం దాకా వెళ్లి వస్తాడు. కాలనీలో ఎన్ని ఎండిన కార్ట్రిడ్జిలకి ప్రాణం పోశాడో! తనదాన్ని వాడనివ్వని మనిషే ఊరివాళ్ల వాటికి ధన్వంతరి.

ఒకసారి తొందరపడి నేనే కంప్యూటరులోంచి హెడ్ క్లీనింగ్ వరసగా ఆరుసార్లు కొట్టాను. అలా కొట్టకూడదు. ఒకటి రెండుసార్లు చూసి, లాభం లేకపోతే రాత్రంతా వదిలెయ్యాలి. ప్రతి క్లీనింగూ సిరా తాగుతుంది, తాగింది ప్రింటరు అడుగున ఉన్న స్పాంజీలోకి పోతుంది. ఆ విషయం ఆయనకి చెప్పడం నా రెండో తప్పు. పది నిమిషాలు మాట్లాడలేదు. తరవాత మెల్లిగా, "ఆ స్పాంజీ పిండితే ఎంతొస్తాదిరా?" అని అడిగాడు.

వారానికో పేజీ అన్ని రంగులూ కలిపి ప్రింటు తీస్తే చాలు, అసలు ఎండదు బాబాయ్ అన్నాను. ఏడాదికి యాభై రెండు పేజీలని లెక్క కట్టి హడలిపోయాడు. చివరికి రాజీ కుదిరింది. కాగితం పైఅంచున నాలుగు రంగుల గీతలు, అంతే. వచ్చే వారం అదే కాగితం తలకిందులుగా. ఆ పై వారం వెనక్కి తిప్పి. కాగితం ఒకటి, వారాలు నాలుగు. ఆ కాగితాలు పారేస్తాడనుకుంటున్నారా? ఫైలు చేశాడు.

కానీ వేసవికి టెక్కలి వెళ్లేటప్పుడు పాత బుద్ధి తిరగబెట్టింది. నాకు చెప్పకుండా కార్ట్రిడ్జిలు ఊడదీసి, బీరువాలో నాఫ్తలీన్ ఉండల పక్కన భద్రపరిచాడు. ప్రింటరులో ఉన్నంతసేపు ఆ రబ్బరు పరుపైనా ఉండేది. రెండు నెలలకి తిరిగొచ్చి చూస్తే రెండూ అటుకుల్లా ఎండాయి. ఎండేముందు మాత్రం రంగుది ఒకే ఒక్క పని చేసింది. కొన్ననాటినుంచీ ఆ ఇంట్లో ఎవరికీ కాగితం మీద గీతకి మించి దక్కని గులాబీరంగు పిన్ని ధర్మవరం చీర జరీ అంచు మీద రూపాయి బిళ్లంత అచ్చయింది. పిన్ని ఏమందో ఇక్కడ రాయను. వారం రోజులు ఆయన బిష్టుపూర్ రామమందిరంలోనే ఎక్కువసేపు గడిపాడు.

ఇదంతా రాసి పట్టుకెళ్లి ఆయనకి చదివి వినిపించి కసి తీర్చుకుందామనుకున్నాను. మంచి పెన్నుతో రాయాలనిపించి సొరుగు తీశాను. రాజమండ్రిలో కొన్న రత్నం పెన్ను. మంచి సందర్భం వస్తే రాద్దామని నల్లసిరా పోసి పెట్టాను. మంచి సందర్భం రాక ఎన్నేళ్లయిందో గుర్తులేదు. తిప్పితే మూత రాలేదు. వచ్చాక పాళీ మీద నల్లటి పక్కు.

వేరే దారి లేక కద్మా వెళ్లాను. ఏమీ అనకుండా గిన్నె తెచ్చాడు. అయిదో గిన్నె. పెన్ను విప్పి పాళీని వెచ్చటి నీళ్లలో పడేసి, నీళ్లు నల్లబడుతుంటే చూస్తూ, "రాయడానికి కొన్నావా, దాచడానికి కొన్నావా?" అన్నాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

రెండుసార్లు నీళ్లు మార్చి, తుడిచి, సిరా పోసి, నాలుగు రంగుల ఫైలులోంచి ఒక కాగితం తీసి ఖాళీ ఉన్నచోట శ్రీరామ అని రాశాడు. నల్లగా, నిండుగా పడింది. నేను ఇంకో మాట రాసి చూద్దామని చెయ్యి చాపాను. అప్పటికే మూత బిగించేశాడు.

"చాల్లేరా, ఇంకయిపోద్ది."