సంచి మహిమా, పాస్‌పోర్టు మహిమా?
చేతిలో చిల్లిగవ్వ లేకుండా లోకం చుట్టొచ్చాం, మమ్మల్ని మేం తెలుసుకున్నాం అని వీపుసంచి యాత్రికులు మురిపెంగా నెమరువేసుకుంటుంటారు. ఈ పాటకు పల్లవి 1960ల హిప్పీలది. ఇస్తాంబుల్ నుంచి టెహ్రాన్, కాబూల్ మీదుగా కాఠ్‌మాండూ దాకా బస్సుల్లో ఊగుతూ వచ్చారు. 1979లో ఇరాన్ విప్లవం, అఫ్గానిస్థాన్‌లోకి సోవియట్ సేనల రాకతో ఆ దారి మూతపడింది. అంతకుముందే, అదే దారిన లండన్ నుంచి కదిలిన వీలర్ దంపతులు 1973లో చౌక ప్రయాణాలపై చిన్న పుస్తకం వేసి, ఏకంగా లోన్లీ ప్లానెట్ అనే ప్రయాణ పుస్తకాల సంస్థనే నిలబెట్టారు. వైరాగ్యానికి దక్కిన ఆ గిట్టుబాటు ధర మన వడ్లకు దక్కితే బాగుండు!

ఈ తిరుగుళ్లలో మహిమ సంచిది కాదు, వాళ్ల పాశ్చాత్య పాస్‌పోర్టుది. మనవాడు ఐరోపా వెళ్లడానికి షెంజెన్ వీసా అడిగితే బ్యాంకు స్టేట్‌మెంటు, బస వివరాలు, 30 వేల యూరోల బీమా, మళ్లీ ఇంటికి పోతాడన్న రుజువు చూపాలి. ‘ఎటు పోతానో తెలీదు, నన్ను నేను వెతుక్కుంటున్నా’ అని ఆ కౌంటర్లో చెప్పి చూడమనండి. ఆ సంచి యాత్రికులు కష్టాలు పడలేదా అంటారా? పడ్డారు, కాదనం. విరేచనాలకు దేశభేదం లేదు. కాకపోతే కోరి తెచ్చుకున్న పేదరికం మీద విసుగు పుట్టిన రోజున విమానమెక్కి ఇంటికి పోవచ్చు. మనవాడికి ముందు ఆ వీసా రావాలి. రుసుము 90 యూరోలు. తిరస్కరిస్తే అదీ వెనక్కి ఇవ్వరు.