ప్రొపెల్లరు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: తూర్పు తీరంలో మరపడవలకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. ప్రొపెల్లరు షాఫ్టు దిగి ఇంటి షెడ్డుకు చేరే పుణ్యకాలం అదే. అప్పుడు పఠించదగిన పద్యం:

చిలుము గీకి చూడు, చివరంచు తాకకు;
రెక్క మెరయ నేల రేవు లోన?
ఎర్ర మచ్చ దాచి యేమార్చు మెరుపును
నమ్ము వాని పడవ నడుమ నిలుచు.

ప్రతిపదార్థం: చిలుము = ఉప్పునీటికి పట్టిన పచ్చని పొరను, దానిపై కాపురం పెట్టిన బార్నకిల్ పెంకులతో సహా; గీకి = పెంకులు ఊడగొట్టి, పిమ్మట 120, 240, 400 నంబరు గరుకు కాగితాలతో వరుసగా రుద్ది; చూడు = పరీక్షించు; చివరంచు = నీటిని చీల్చే రెక్క అంచును; తాకకు = గ్రైండరుతో ముట్టకు; ఎర్ర మచ్చ = జింకు పోయి రాగి మిగిలిన చోటు; ఏమార్చు = మోసగించు; నడుమ = నడిసముద్రంలో; నిలుచు = ఆగిపోవును.

పాఠాంతరం: ‘గీకి’కి బదులు ‘రుద్ది’ అని కొందరి పాఠం. అది గణాలకు సరిపోతుంది గాని బార్నకిల్‌కు సరిపోదు.

తాత్పర్యం: శుభ్రం చేయడమంటే లోహాన్ని చదవడం. మెరిపించడం ఆ తర్వాతి ముచ్చట.

విశేషాలు: ‘మాంగనీస్ బ్రాంజ్’ అని అమ్మే ప్రొపెల్లరులో రాగి సుమారు 58 శాతం, జింకు 39 శాతం. ఉప్పునీటిలో ముందుగా తరలిపోయేది జింకే. మిగిలిన రాగి గుల్లబారి గులాబి రంగు తేలుతుంది. బఫింగ్ చక్రం ముందు పెడితే ఆ మచ్చ కూడా తళతళలాడుతుంది. బలం మాత్రం తిరిగి రాదు. అందుకే సానకు ముందే చిన్న సుత్తితో రెక్కను తట్టాలి. ఖంగుమంటే క్షేమం, డొప్పున పలికితే అనుమానించాలి.

ఒక రెక్కను ఎక్కువ అరగదీస్తే తూకం తప్పి షాఫ్టు అదురుతుంది, బేరింగు అరుగుతుంది. బొడ్డు మీద ‘18 × 12’ అని కొట్టి ఉంటే అది శాసనం: 18 అంగుళాల వ్యాసం, 12 అంగుళాల పిచ్. డిస్కుతో చెరిపేస్తే చదివిపెట్టే పండితుడు దొరకడు.

పూర్వపక్షం: అద్దంలా మెరిస్తే పడవ వేగంగా పోదా? సమాధానం: నీటికి కావలసింది నునుపు. తళుకు చూడవచ్చిన బావమరిదికి.

అలంకారం: లేదు. కవి 400 నంబరు దగ్గరే ఆగాడు.

ఫలశ్రుతి: ఇది చదివి షాఫ్టుకు కొత్త జింకు ముక్క బిగించినవారికి ఆ ముక్కే ముందు కరిగి ప్రొపెల్లరును కాచును. చదివి బిగించనివారికి వచ్చే ఏప్రిల్‌లో పునశ్చరణ.