ఆరు మాడ్యూళ్లు, ఐదు లక్షల గీత

తెలంగాణ భూరికార్డుల పాత పోర్టల్ ధరణిలో 33 మాడ్యూళ్లు, దాని స్థానంలో వచ్చిన భూభారతిలో ఆరే. 2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలైనప్పటి నుంచి ఈ తీసివేత లెక్కను ఎన్నిసార్లు విన్నామో! తీసివేతలో తప్పు లేదు, మూడో తరగతి పిల్లలూ ఒప్పుకుంటారు. కాకపోతే మాడ్యూల్ అంటే ఆఫీసు కిటికీ మాత్రమే. ఏ దరఖాస్తు ఏ అధికారి ముందుకు పోవాలి, ఏ సర్వే నంబరుకు తాళం పడాలి, ఆ తాళం ఎవరు తీయాలి అన్నవి కిటికీ వెనక ఉండే సెట్టింగులు. కిటికీలు మూసినందుకు చప్పట్లు కొట్టించుకున్నవాళ్లు ఆ సెట్టింగుల ఊసెత్తరు.

వాటిలో నాకు మహా ముద్దొచ్చేది ఐదు లక్షల గీత. రికార్డులో తప్పు దిద్దాలంటే భూమి విలువ ఐదు లక్షల లోపైతే ఆర్డీఓ, దాటితే కలెక్టర్. చిన్న కమతం ఆసామికి పాస్‌బుక్‌లో రెండు గుంటలు తగ్గితే పని దేవరకొండ ఆర్డీఓ దగ్గర అవుతుంది. పక్క చెలక ఆసామికి అవే రెండు గుంటలు తగ్గితే, కమతం పెద్దదైన పాపానికి నల్లగొండ కలెక్టరేట్ దారి పట్టాలి. తప్పు ఒకటే, దిద్దే కాగితం ఒకటే. అయినా తప్పుకు కూడా ధర కట్టే షరాబులు మనకు దొరికారు.

ఆ ధరైనా బజారు ధరా? కాదు, సర్కారు పుస్తకంలోని విలువ. 2021 జులైలో వ్యవసాయ భూమి కనీస విలువ ఎకరానికి 75 వేలుగా పెట్టారు. 2022 ఫిబ్రవరిలో విలువలు మళ్లీ పెంచారు, రేపూ పెంచుతారు. 75 వేల లెక్కన ఆరెకరాలు నాలుగున్నర లక్షలు, అంటే ఆర్డీఓ. ఎకరం లక్ష అయిన నాడు అవే ఆరెకరాలు ఆరు లక్షలు, అంటే కలెక్టర్. చెలకలో రాయి కదల్లేదు, బోరులో చుక్క పెరగలేదు. ఖజానా నింపడానికి రిజిస్ట్రేషన్ల శాఖ ఒక అంకె మారిస్తే రెవెన్యూ శాఖలో రైతు ఫైలు దారి తప్పుతుంది. ఒక మాడ్యూల్‌లో విలువ మారిస్తే ఇంకో మాడ్యూల్ నడక చెప్పాపెట్టకుండా మారకూడదన్నది సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు మొదట్లోనే నేర్చుకునే సంగతి. మార్చక తప్పకపోతే ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసి ఉంచుతారు.

విలువైన భూమి మీద మోసాలెక్కువ, పెద్ద అధికారి చూడాలి కదా అంటారు. సరే, శంషాబాద్ పక్కన ఎకరాకు ఆ అనుమానం న్యాయమే. చందంపేట గుట్టల్లో ఏడెకరాల చెలకకు అదే గీత ఎందుకు? మోసం భయమే అయితే తగాదా ఉందా, సర్కారు భూమి కలిసిందా అని చూడాలి. ధర చూస్తే ఏం తెలుస్తుంది?

తాళాల సంగతి ఇంకా ఘోరం. సర్వే నంబరులో ఒక ముక్క సర్కారుదైతే ధరణి మొత్తం నంబరును నిషేధిత జాబితాలోకి తోసింది. మిగతా పట్టాదారులు అమ్ముకోలేరు, పిల్లలకు రాసివ్వలేరు. కబ్జాలు ఆపడానికే అన్నారు. తాళం వేయొద్దని ఎవరన్నారు? ఏ అధికారి, ఏ తేదీన, ఏ కాగితం చూసి వేశాడో చెప్పమంటున్నాం. అడిగితే, కంప్యూటర్ తీసుకోవడం లేదన్న జవాబు! ఇది సాంకేతిక సమస్య కానే కాదు, పచ్చి అబద్ధం. 2024 ఫిబ్రవరి 29న ఒక్క సర్క్యులర్ వచ్చింది. కలెక్టర్ల దగ్గర ఇరుక్కున్న అధికారాలు కొన్ని తహసీల్దార్లకు, ఆర్డీఓలకు దిగాయి. అదే పోర్టల్, అదే కంప్యూటర్. అంతకుముందు మూడేళ్లకు పైగా రైతును తిప్పింది యంత్రం కాదు, సెట్టింగు మార్చని మనిషి. ఆ మనిషి పేరు ఏ తెర మీదా కనిపించదు. ధరణి పోయింది, పేరు దాచే అలవాటు పోలేదు.

సెట్టింగులు బయటపెడితే దళారులు వాడుకుంటారన్న వాదన ఒకటుంది. దళారికి అవి ఇప్పటికే కంఠోపాఠం. తెలియనిది రైతుకే, దళారి బతుకుతున్నదీ అందుకే.

భూభారతి ప్రయోగానికి ఎంచుకున్న నాలుగు మండలాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గంలోదే. ఏ పనికి ఏ అధికారి, ఏ విలువ దగ్గర ఫైలు పైకి పోతుంది, ఆ విలువ ఎవరి ఉత్తర్వుతో ఎప్పుడు మారింది అన్న పట్టిక ముందు మద్దూరు తహసీల్ ఆఫీసు గోడకు అంటించండి. ఆరే మాడ్యూళ్లన్నారు కదా, ఒక్క కాగితంలో సరిపోతుంది.