రెండో గేరులో బెంజి

1990ల చివర్లో వచ్చిన బెంజి ఈ-క్లాస్ బానెట్ ఎత్తితే ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్ చూసే గొట్టం కనిపిస్తుంది. దానికో మూత, మూతకో ప్లాస్టిక్ సీలు. ఉత్సాహం ఆపుకోలేక సీలు విరగ్గొట్టిన ఆసామికి లోపల ఏమీ కనబడదు. డిప్ స్టిక్ లేదు. పాత ఓనరు పారేశాడేమోనని అతణ్ని తిట్టుకోనక్కర్లేదు, కంపెనీయే పెట్టలేదు. ఆ పుల్ల వర్క్‌షాపు వాళ్ల సొత్తు. ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ 80 డిగ్రీల దాకా వేడెక్కాక, వాళ్లు తెచ్చి ముంచి చూసి మళ్లీ పట్టుకుపోతారు. ఎలాగో ఓ పుల్ల సంపాదించి, పొద్దున్నే చల్లటి బండిలో కొలిచి, మట్టం తగ్గిందని బెంగపడి లీటరు పోసే జాగ్రత్తపరులు ఎప్పుడూ ఉంటారు. ఎక్కువైన ఆయిల్ లోపల నురగెత్తి గేర్లను ఇబ్బంది పెడుతుంది.

ఈ అయిదు గేర్ల బాక్స్ 1996లో వచ్చింది. కంపెనీ దానికి పెట్టిన నంబరు 722.6. అంతకుముందువి ఆయిల్ ఒత్తిడితో, వాక్యూమ్ గొట్టాలతో తమ పని తాము చూసుకునేవి. దీని నెత్తిన కంప్యూటర్ కూర్చుంది. ఇనుము మాత్రం గట్టి ఇనుమే. సూపర్‌ఛార్జర్ ఉన్న జాగ్వార్ ఎక్స్‌జేఆర్‌లో, ఆటోమేటిక్ పోర్షే 911 టర్బోలో కూడా ఒకప్పుడు దీన్నే బిగించారు. బెంజిని చూసి మూతి తిప్పుకున్న జాగ్వార్ ఓనర్లు తమ బండి కిందికి దూరకపోవడమే వాళ్ల మనశ్శాంతికి మంచిదయింది.

ఈ బాక్సుకు ఆయిల్ ఎప్పటికీ మార్చక్కర్లేదని కంపెనీ మొదట్లో చెప్పింది. మొదటి ఓనరు విషయంలో అది అక్షరాలా నిజం. అయిదారేళ్లు తిరిగి, అమ్మేసి, కొత్తది కొనుక్కుంటాడు. రెండోవాడు మొదటివాడు మార్చే ఉంటాడనుకుంటాడు. మూడోవాడు, అంటే మన ఆసామి, ఫైలు తిరగేస్తే టైర్ల బిల్లు, ఏసీ గ్యాస్ బిల్లు, గణపతి హోమం రశీదు దొరుకుతాయి. ఆ తర్వాత వచ్చిన ఏడు గేర్ల బండ్లకు మాత్రం 60,000 కిలోమీటర్ల దగ్గర ఆయిల్ మార్చాలని అదే కంపెనీ పుస్తకంలో రాసింది. బీఎండబ్ల్యూ ఇంట్లో ఇంకా తమాషా. ఆయిల్ జోలికి పోవద్దని కారు చేసినవాళ్లు అన్నారు. అందులో గేర్ బాక్స్ చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకోసారి, లేదా 8 ఏళ్లకోసారి మార్చుకోమంది. బాక్సును కన్నవాళ్ల మాట వినడమే మేలు.

ఇక అసలు కథ. జూబ్లీహిల్స్ ఎత్తెక్కుతుండగా ఓ రోజు బండి ఒక్క కుదుపు కుదిపి, గేర్లు మార్చడం మానేస్తుంది. ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే మిగిలేది రెండో గేరు, రివర్సు. అంతే. బాక్సుకు దెబ్బ తగలకుండా కంప్యూటర్ తీసుకున్న జాగ్రత్త అది. వెనకాల ఆటోవాళ్ల హారన్ల మధ్య, ఇంజన్ గొంతు చించుకుంటుండగా, ఆసామి రాజసంగా ఇల్లు చేరతాడు. మర్నాడు స్టార్ట్ చేస్తే ఒక్కోసారి అన్ని గేర్లూ పనిచేస్తాయి. అదే ప్రమాదం. బండి తనంతట తనే బాగయిందని అతను ఆ ఊసే మరిచిపోతాడు.

రెండోసారి ఆగినప్పుడు షెడ్డు తప్పదు.

"బాక్స్ పోయింది సార్. దించాలె."

"మొత్తం పోయిందా ఉస్తాద్?"

"దించినంక తెలుస్తది."

గ్యారేజీల్లో ఇంతకంటే ఖరీదైన వాక్యం లేదు. ఎందుకంటే చాలాసార్లు పోయేది బాక్స్ కాదు. బాక్సులోకి కరెంటు తీసుకెళ్లే పదమూడు పిన్నుల ప్లగ్గు ఒకటుంది. దాని ప్లాస్టిక్ గూడుకు రెండు ఓ రింగులు. అవి ఏళ్ల వేడికి బిరుసెక్కి ఆయిల్‌ను బయటికి వదులుతాయి. కింద కారితే కనబడేది, తుడుచుకునేవాళ్లం. దీపం వత్తి నూనె పీల్చినట్టు రాగి తీగల పోగులు ఆ ఆయిల్‌ను మెల్లగా పైకి లాగి ఇంజన్ పక్కనున్న కంప్యూటర్ దాకా చేరుస్తాయి. చూస్తే బండి కింద చుక్క ఉండదు, పైన కంప్యూటర్ నూనెలో తానమాడుతుంటుంది. చాలా చవకైన ఆ గూడు మార్చి, ప్లగ్గు, తీగలు, కంప్యూటర్ శుభ్రం చేశాకే తక్కినవి ఆలోచించాలి.

తర్వాతి అనుమానం కండక్టర్ ప్లేటు మీద. గేర్ల వేగం చూసే సెన్సర్లు రెండూ అందులోనే ఉంటాయి. ఒక్కటి పోయినా ప్లేటు మొత్తం కొనాలి. కానీ దానికీ బాక్స్ దించక్కర్లేదు, కింది ట్రే విప్పితే చాలు. విప్పేటప్పుడు శుభ్రమే ప్రాణం. లారీ గేర్ బాక్సును టీ చల్లారేలోగా దించే బెజవాడ ఆటోనగర్ చేతులు కూడా ఇక్కడ కాస్త నెమ్మదించాలి. చెయ్యి తుడుచుకున్న బనియన్ గుడ్డలోంచి ఒక్క పోగు వాల్వుల్లో చిక్కుకుంటే కొత్త జబ్బు మొదలు.

పాత బాక్సులో కొత్త ఆయిల్ పోస్తే బాక్స్ చస్తుందని షెడ్లలో గట్టి నమ్మకం. దానికి సాక్ష్యాలు బోలెడు. గేరు జారడం మొదలయ్యే వరకూ ఎవరూ ఆయిల్ గుర్తు తెచ్చుకోరు. జారుతోందంటే లోపల క్లచ్ ప్లేట్లు అప్పటికే అరిగాయన్నమాట. ఆ వారం ఆయిల్ మారుస్తారు, ఆ నెల బాక్స్ పోతుంది, కేసు ఆయిల్ మీద పెడతారు. పైగా ట్రే విప్పితే దిగేది సగం ఆయిలే. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో ఉంటుంది. దానికి మొదటి బండ్లలో డ్రెయిన్ బోల్టు ఉండేది, తర్వాత అదీ తీసేశారు.

ఇవన్నీ నేర్చి, ఓ రింగులు, ప్లేటు, ఫిల్టరు, ఆయిల్ మార్చి, ప్రతి బిల్లూ తారీఖు వరసలో గుచ్చిన ఆసామి చివరికి బండి అమ్మకానికి పెట్టాడు. కొనవచ్చిన కుర్రాడికి ఫైలు గర్వంగా అందించాడు. కుర్రాడు నాలుగు కాగితాలు తిప్పాడు.

"ఇన్నిసార్లు గేర్ బాక్స్ ప్రాబ్లమ్ వచ్చిందా అంకుల్?"

యాభై వేలు తగ్గించమన్నాడు. తగ్గించనంటే లేచి వెళ్లి, పక్క కాలనీలో ఇదే మోడల్, గేర్ బాక్సును పుట్టినప్పటి నుంచి ముట్టుకోలేదని ఓనరు ఒట్టేసి చెప్పినది, అడిగినంతా ఇచ్చి కొనుక్కున్నాడు.