శ్రుతి పెదవిలో ఉండేది

మా రోజుల్లో పెళ్లి బ్యాండులో క్లారినెట్టు పట్టాలంటే ముందు పెదవి కుదరాలి. ఇప్పుడు ముందు ఫోన్లో ట్యూనర్ కావాలి. ముల్లు మధ్యకొస్తే శ్రుతి కలిసిపోయినట్టేనట! చల్లగా ఉన్నప్పుడు ఒకలా, కాసేపు ఊది గొట్టం వెచ్చబడ్డాక ఇంకాస్త హెచ్చుగా పలికే వాయిద్యానికి ఒక్కసారి చూసిన ముల్లు ఏం సరిపోతుంది?

మాకు దొరికినవి ఆల్బర్ట్ సిస్టమ్ అనే పాత మీటల అమరిక ఉన్నవి. నల్ల చేవకర్ర, జర్మన్ సిల్వర్ మీటలు. చిల్లుల చుట్టూ రింగులు తక్కువ కాబట్టి చిల్లు మీద వేలు మెల్లగా జరిపితే తోడి గాంధారం ఊగేది. ఇప్పటి బోమ్ సిస్టమ్‌లో వేలు లేస్తే రింగు లేస్తుంది, దాంతో పైనున్న మూతా లేస్తుంది. జారు అక్కడే తెగుతుంది. తెగకుండా పలికించాలంటే సాధన కావాలి. ఏకేసీ నటరాజన్ గారు క్లారినెట్టు మీద కర్ణాటక సంగీతం పలికించే 2008లో సంగీత కళానిధి అయ్యారు.

పాతవాటికి లోపం లేదనను. సా ఊదుతూ వెనక మీట నొక్కితే క్లారినెట్టులో పై సా రాదు, తారస్థాయి పా వస్తుంది. ఆ రెంటినీ కలపడానికి మేం పెదవితో నానా తంటాలు పడేవాళ్లం. 1955లో క్లారినెట్లు తయారుచేసే బఫే కంపెనీ వాళ్లు ఆర్13 అనే రకం తెచ్చారు. గొట్టం లోపల ఒకే కొలత కాకుండా మెట్లుమెట్లుగా తొలిచి ఆ బాధ చాలా తగ్గించారు. గొప్ప పని. అయినా మధ్యలోని బి-ఫ్లాట్ ఈనాటికీ జలుబు చేసిన గొంతులాగే పలుకుతుంది. వెనక మీట కింది ఒకే చిల్లు స్థాయి మార్చడం, ఈ స్వరం పలికించడం అనే రెండు పనులూ చేయాలి మరి! కుడిచేతి వేళ్లు ఒకటి రెండు కలిపి మూస్తే అది నిండుగా వస్తుంది. ఏ వేళ్లో చెవే చెప్పాలి, ఫోన్ చెప్పదు.

ఇక చవక రకాల సంగతి. మెత్తటి పోత మీటలు. ఒకటి వంగిందా, ప్యాడ్ సరిగా మూసుకోదు, కింది స్వరాలు కీచుమంటాయి.

పాతది కొనేవాళ్లకి ఒక మాట. గొట్టం మీద హెచ్.పి. అని ఉందేమో చూడండి. అంటే హై పిచ్, ఎ స్వరం 452 హెర్ట్జ్ దగ్గర. ఇప్పటి 440 కంటే దాదాపు అర సెమిటోన్ ఎక్కువ. ఊదే మూతి కింద ఉండే పొట్టి ముక్కని, అంటే బారెల్‌ని, కాస్త లాగితే సరిపోతుందంటారు, నమ్మకండి. లాగితే బారెల్‌కి దగ్గరి స్వరాలు బాగా దిగుతాయి, కిందివి అంతగా దిగవు. కీబోర్డు పక్కన వాయించాలనుకుంటే దాన్ని కొనకండి.