ఫిల్టరు బాబాయి

మీ బండి సైడు కవరు ఊడదీసి ఫిల్టరు చేతిలో పెడితే చాలు, నెల రోజులుగా మీరు ఎక్కడెక్కడ తిరిగారో ఫిల్టరు బాబాయి చెప్పేస్తాడు. తెల్లటి నూగు అంటుకుని ఉందా, "చిలకలూరిపేట జిన్నింగు మిల్లుల దగ్గర తచ్చాడావు." బూడిదరంగు మెత్తటి పొడా, "మార్టూరు గ్రానైటు." నల్లమట్టి అయితే, "పర్చూరు రేగడి, అదీ డొంకదారిలో." ఎర్రటి పొడి కనిపిస్తే మాత్రం వెంటనే మాట్లాడడు. వాసన చూస్తాడు. కళ్లు తుడుచుకుంటాడు. "తేజా. 334 అయితే ఇంత ఘాటుండదు." ఆ 334 మన లాం ఫారంలో పుట్టిన మిరప రకమేనని కూడా అప్పుడే గుర్తుచేస్తాడు, మనం కాదన్నట్టు.

ఒకసారి మా పక్కింటి కుర్రాడు ఇంట్లో ఒంగోలు పరీక్షకని చెప్పి వెళ్లొచ్చాడు. ఫిల్టరు సూర్యలంక ఇసుకని చెప్పింది. ఆనాటి నుంచీ మా వీధి కుర్రాళ్లు బాబాయి కంటపడకుండా బండ్లు పక్క సందులో పెట్టుకుంటున్నారు.

ఇలాంటి బాబాయి గుంటూరులోనే కాదు, నరసరావుపేటలో, అద్దంకిలో, ఎక్కడైనా దొరుకుతాడు. యాభై దాటి ఉంటాయి. మావాడు మిర్చి యార్డులో ఒక కమీషను కొట్లో గుమాస్తా. 1991లో పెళ్లికి మామగారు పెట్టిన యమహా ఆర్‌ఎక్స్ 100 మీదే ఈనాటికీ యార్డుకు వెళ్తాడు. 1996 తర్వాత ఆ బండి తయారీ ఆగిపోయింది, ఆయనకు దాని మీద మోజు ఆగలేదు. పిన్ని తెచ్చిన బీరువా ఏనాడో తుప్పుపట్టింది. బండి ఫిల్టరు మీద మాత్రం ఈగ వాలదు.

"పెట్రోలు డబ్బిచ్చి కొంటారు గనక పెట్రోలంటే భయం. గాలి ఊరికే వస్తంది గదాని చులకన," అంటాడు. లీటరు పెట్రోలు సరిగ్గా మండాలంటే తొమ్మిది వేల లీటర్ల పైచిలుకు గాలి కావాలట. "తొమ్మిది వేల లీటర్లు! అదీ మిరప కల్లాల మధ్యన పీల్చాలి. నువ్వు పీల్చగలవా?" ఇన్ని వేల కిలోమీటర్లకు ఒకసారి శుభ్రం చేస్తే చాలని కంపెనీ పుస్తకంలో రాసినాయన, మార్చి నెలలో మిర్చి టిక్కీల లారీలు దిగే వేళ యార్డు గేటు ముందు ఒక్క పూట నిలబడితే ఆ అంకె తానే కొట్టేసుకునేవాడని బాబాయి నమ్మకం. అందులో నాకూ సందేహం లేదు.

సీజన్లో ప్రతి ఆదివారం తలంటు. తనకు కాదు, బండి ఫోము ఫిల్టరుకు. ముందు కిరసనాయిల్లో, తర్వాత సబ్బునీళ్లలో. పిండకూడదు, పిండితే చిరుగుతుంది. అరచేతుల మధ్య నొక్కాలి. నీడన ఆరాలి. ఆరాక ఇంజనాయిలు పట్టించి, ఎక్కువైంది నొక్కేసి, జిగురుగా మిగిలినప్పుడు బిగించాలి, దుమ్మును పట్టేది ఆ జిగురే గనక. ఒక ఎండాకాలం ఆ నీడ పిన్ని వడియాల మంచం పక్కనే దొరికింది. ఆ ఏడు వడియాలు వేయిస్తుంటే పెట్రోలు బంకు గుర్తొచ్చేది.

కాయితం ఫిల్టరును నీళ్లలో ముంచినవాణ్ణి ఆయన మనిషి కింద లెక్కవేయడు. పొడి కాయితమైతే మెల్లగా తట్టి, లోపలి నుంచి బయటికి గాలి కొట్టాలి. నూనె పూత ఉన్నదైతే అదీ వద్దు, మార్చేయడమే. "వంద రూపాయల కాయితం దగ్గర బేరమాడి, వేలు పోసి బోరు పని చేయించుకుంటారు," అని గొణుగుతాడు.

మొన్న ఆ పక్కింటి కుర్రాడే, సూర్యలంకవాడు, పాత బండికి ఫిల్టరు డబ్బా పీకేసి మెరిసే విదేశీ కోను ఫిల్టరు తగిలించాడు. మోత రెట్టింపయింది. జెట్టు మార్చలేదు, గాలి ఎక్కువై ప్లగ్గు తెల్లబడింది. బాబాయి ఆ కోనును ఊడదీసి వెలుతురుకు పెట్టి చూశాడు. గోటితో గీకాడు.

"ఏందిరా ఇది?"

"కాటన్ గాజుగుడ్డ బాబాయ్. ఆయిలు పట్టించి ఉంటది. మూడు వేలు."

"పత్తా!" బాబాయి అరుగు మీద కూలబడ్డాడు. "గుంటూరు జిల్లాలో పుట్టి, పత్తిని మూడు వేలు పెట్టి కొన్నావంట్రా?"

ఆ రాత్రే పిన్ని పాత నేతచీర చెంగు ఒకటి మాయమైంది. నాలుగు మడతలేసి, నూనె పట్టించి, ఫోము స్థానంలో కూర్చాడు. మర్నాడు బండి వీధి చివరిదాకా నల్లపొగతో దగ్గుతూ వెళ్లి ఆగింది. నాలుగు మడతల చీరలోంచి గాలి ఎక్కడాడుతుంది! తోసుకుంటూ వెనక్కొచ్చాడు. ఆ సంగతి మేమెవరం ఎత్తలేదు, పిన్ని తప్ప.

విచిత్రమేమంటే, యార్డులో హమాలీలు మూతికి తువ్వాలు కట్టుకుంటారు. బాబాయి ముప్పై ఏళ్లుగా ఒట్టి ముక్కుతో తిరుగుతున్నాడు. ఈ శీతాకాలం దగ్గు వదలకపోయేసరికి పిన్ని ఆస్పత్రికి లాక్కెళ్లింది, తోడు నేనూ వెళ్లాను. డాక్టరు ఛాతీ విని, ఒక మాస్కు చేతిలో పెట్టి, యార్డులో ఇది లేకుండా అడుగు పెట్టొద్దన్నాడు.

బాబాయి దాన్ని ట్యూబులైటుకు అడ్డంపెట్టి అటూ ఇటూ తిప్పాడు. పొరలు లెక్కపెట్టాడు.

"బాగానే ఉందండీ," అన్నాడు. "ఇది కడిగే రకమా, మార్చే రకమా?"